బ్యాంకాక్‌కు భార్యాభర్తలం ఇద్దరమే వెళ్లాలనుకుంటున్నాం: ప్యాకేజీ తీసుకోవాలా, సొంతంగా వెళ్లాలా?

ఒంటిమిట్ట కోడలు (కడప)

అందరికీ నమస్కారం. మాది కడప. మావారు జూనియర్ కళాశాలలో లెక్కలు చెబుతారు. నేను ఇంటి దగ్గరే పదో తరగతి పిల్లలకు ట్యూషన్లు చెబుతాను. అబ్బాయి ఇంజనీరింగులో చేరి హాస్టలుకు వెళ్లాక మాకిద్దరికీ కాస్త తీరిక దొరికింది. ఇన్నేళ్ల సంసారంలో మేమిద్దరమే కలిసి ఎక్కడికైనా వెళ్లామంటే పెళ్లయిన కొత్తలో తిరుమల, ఆ తర్వాత ఊటీ. సంక్రాంతి సెలవుల్లో ఈసారి ఎటైనా దూరం వెళ్దామని ఆయనే అన్నారు. పాస్‌పోర్టులు చేతికొచ్చాయి. విమాన టికెట్ల ధరలు, సెలవులు చూసుకుని బ్యాంకాక్ అనుకున్నాం.

ఆ మాట బయటపెట్టిన దగ్గరి నుంచి ఇంట్లో ఒకటే చర్చ. "బ్యాంకాకా? అది మగవాళ్లు గుంపుగా వెళ్లే ఊరు కదమ్మా, మీకెందుకు?" అని మా ఆడపడుచు. మెట్ల దగ్గర కలిసిన పక్కింటివాళ్లు కూడా ముఖం అదోలా పెట్టారు. నాకు మనసు కష్టపెట్టుకోవాలో, ఊరు మార్చుకోవాలో తెలియడం లేదు. నిజంగా అది దంపతులు వెళ్లదగిన ఊరేనా?

రెండో సంగతి. ఇక్కడ ఒక ట్రావెల్స్ ఆఫీసులో అడిగితే ప్యాకేజీ చెప్పారు. పట్టాయాలో రెండు రాత్రులు, బ్యాంకాక్‌లో రెండు రాత్రులు, ఒక రోజు జంతువుల పార్కు, ఒక నగల దుకాణం, ఒక పూట గుళ్లు. భోజనం మన భారతీయ హోటళ్లలోనే అన్నారు. మావారు దానికే మొగ్గుతున్నారు. నాకేమో గుళ్లకు ఒక్క పూటేనా అనిపిస్తోంది. మా పెళ్లి ఒంటిమిట్ట కోదండరాముడి సన్నిధిలో జరిగింది. థాయ్‌లాండ్ రాజభవనంలో రామాయణం గోడల నిండా గీశారని విన్నప్పటి నుంచి అది తీరిగ్గా చూడాలని నా కోరిక.

మేము శుద్ధ శాకాహారులం, గుడ్డు కూడా తినం. ఇంగ్లీషు చదవగలం గానీ మాట్లాడటానికి కాస్త తడబడతాం. నా పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరే ఉంది, ఆయనది వేరు. దానివల్ల హోటల్లో గానీ విమానాశ్రయంలో గానీ ఇబ్బంది వస్తుందా? వెళ్లివచ్చినవాళ్లు దయచేసి చెప్పండి.

తుంగభద్ర గట్టు (కర్నూలు)

నమస్తే అమ్మా. మా అమ్మానాన్నలను నేను ప్యాకేజీలోనే పంపాను. వాళ్లు సంతోషంగా వెళ్లి సంతోషంగా వచ్చారు. నాన్నకు మోకాళ్ల నొప్పి. బస్సు హోటలు గుమ్మం దగ్గర ఎక్కించుకుని గుమ్మం దగ్గరే దించింది. భోజనంలో పప్పు, పెరుగు దొరికాయి. పెద్దవాళ్లకు, నడవలేనివాళ్లకు ప్యాకేజీని తీసిపారేయలేం. కాబట్టి ప్యాకేజీ అనగానే మోసం అనుకోవద్దు. అయితే మీ వయసుకు, మీ కోరికకు అది సరిపోతుందా అన్నది వేరే ప్రశ్న. రాజభవనం దగ్గర మావాళ్లకు గంటన్నరే ఇచ్చారట. అందులో సగం గేటు దగ్గర వరుసలోనే పోయిందని అమ్మ చెప్పింది.

ప్రయాణం సంగతి. చెన్నై, బెంగళూరు, హైదరాబాద్ మూడింటి నుంచీ బ్యాంకాక్‌కు నేరుగా విమానాలున్నాయి. దాదాపు నాలుగు గంటల లోపే ప్రయాణం. మాకు కర్నూలు నుంచి శంషాబాద్ దారిలోనే పడుతుంది కాబట్టి మేము హైదరాబాదే చూస్తాం. మీకు కడప నుంచి చెన్నైకి రైళ్లు చాలా ఉన్నాయి, బెంగళూరుకు రాత్రి బస్సులున్నాయి. రెంటిలో ఏ టికెట్టు చవకైతే అది తీసుకోండి. సంక్రాంతి ముందు రోజుల్లో బస్సులు, రైళ్లు కిటకిటలాడతాయి. విమానం టికెట్టుతో పాటే రైలు టికెట్టూ తీసేసుకోండి.

ఇంటిపేరు గురించి దిగులు వద్దు. మా అమ్మదీ అంతే. పాస్‌పోర్టులో అక్షరం అక్షరం ఎలా ఉందో టికెట్టు మీద అలాగే ఉండాలి, అది ముఖ్యం. ఇద్దరూ భార్యాభర్తలేనా అని అక్కడ ఎవరూ అడగరు. పాస్‌పోర్టు గడువు ప్రయాణం నాటికి కనీసం ఆరు నెలలు మిగిలి ఉందో లేదో చూసుకోండి.

తెలుగు పంతులమ్మ (అనంతపురం)

చెల్లీ, ముందు మీ ఆడపడుచు మాట తీసుకుందాం. ఆ పేరు బ్యాంకాక్‌కు ఊరికే రాలేదు. పాత్‌పాంగ్, నానా, సోయ్ కౌబాయ్ అని కొన్ని వీధులున్నాయి. ఆ వ్యాపారం అక్కడ సాగుతుంది. ఆ నాలుగు వీధులను చూసి ఊరంతటికీ ముద్ర వేయడం అన్యాయం. ఆ ఊళ్లో తెల్లవారుజామున గుమ్మం ముందు నిలబడి భిక్షువులకు అన్నం పెట్టే గృహిణులున్నారు, గుడి మెట్ల మీద కూర్చుని పూలమాలలు కట్టే ముసలమ్మలున్నారు. సుఖుంవిత్ రోడ్డు మొదట్లో చవకగా కనిపించే హోటళ్లను వదిలేయండి. ఊరి మధ్య నుంచి పారే చావ్ ఫ్రాయా నది దగ్గర గానీ, సాతోన్ ప్రాంతంలో గానీ, పాత నగరం రత్తనకోసిన్‌లో గానీ గది తీసుకోండి. మేము నది దగ్గరే ఉన్నాం. మావారు బ్యాంకు ఉద్యోగం నుంచి విరమణ పొందాక వెళ్లాం. రాత్రి పూట ఇద్దరం నడిచి వస్తుంటే మాకెక్కడా ఇబ్బంది అనిపించలేదు.

ప్యాకేజీ మీకు వద్దు. తుంగభద్ర గట్టు గారు చెప్పినది పెద్దవాళ్ల విషయంలో నిజమే, కాదనను. కానీ రామాయణం చూడాలని వెళ్లేవాళ్లకు గంటన్నర ఏ మూలకు వస్తుంది? పట్టాయా పూర్తిగా వదిలేయండి. రానూపోనూ బస్సులో పోయే సమయం నదికి ఇవ్వండి.

ఇప్పుడు ఆ రామాయణం. రాజభవనం ప్రాంగణంలోనే పచ్చ బుద్ధుడి ఆలయం, వాట్ ఫ్రా కేవ్ ఉంది. చక్రి వంశపు మొదటి రాజు 1782లో రాజధానిని నదికి ఈ ఒడ్డుకు మార్చి కట్టించాడు. ఆ వంశపు రాజులందరికీ రాముడి పేరే, ఇప్పటి రాజు పదో రాముడు. ఆలయం చుట్టూ నాలుగు వైపులా ఉన్న వసారా గోడల మీద 178 చిత్రాల్లో రామకియెన్, అంటే వాళ్ల రామాయణం, మొత్తం గీశారు. కథ ఉత్తరపు గోడ దగ్గర మొదలై ప్రదక్షిణంగా సాగుతుంది. చాలామంది గేటు లోపలికి రాగానే బంగారు స్తూపం దగ్గర ఫోటోలు దిగి వెళ్లిపోతారు. మీరు అలా చేయకండి. ఉత్తరం వైపుకు వెళ్లి, జనకుడు నాగలి చాలులో సీతను చూసే బొమ్మ ఎక్కడుందో వెతుక్కుని, అక్కడి నుంచి నడవండి.

మా బడి పిల్లలను లేపాక్షి తీసుకెళ్లినప్పుడు కప్పు మీది బొమ్మలు చూడటానికి అందరం మెడలు వెనక్కి వాల్చి నిలబడతాం. ఇక్కడ ఆ కష్టం లేదు. బొమ్మ కంటి ఎదురుగా, చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా ఉంటుంది. ముట్టుకోకూడదు, అది వేరే సంగతి. రాముడు ఆకుపచ్చగా ఉంటాడు, లక్ష్మణుడు బంగారు రంగులో, హనుమంతుడు తెల్లగా. రావణుడు తోసకన్, దశకంఠుడు. అతనిదీ ఆకుపచ్చ ముఖమే, కాబట్టి కిరీటం చూసి పోల్చుకోవాలి. కిరీటంలో అంతస్తులుగా చిన్న చిన్న ముఖాలుంటాయి. నగలు, కిరీటాలు, రథాలు ఉన్నచోటల్లా బంగారు రేకు అతికించారు. ఎండ వసారాలోకి వాలినప్పుడు ఆ బంగారం ఒక్కటే ముందుకు వస్తుంది, మిగతా రంగులు వెనక్కి తగ్గుతాయి.

ఒక బొమ్మ ముందు నేను చాలాసేపు నిలబడిపోయాను. మైరావణుడి ఘట్టం. మన మైరావణ చరిత్రలో హనుమంతుడు తోకను కోటలా చుట్టి రామలక్ష్మణులను లోపల దాస్తాడు కదా. అక్కడ ఆయన కొండంత పెరిగి, రాముడి విడిది మండపాన్ని అలాగే నోట్లో పెట్టుకుని కాపలా కాస్తాడు. పళ్ల మధ్య నుంచి మండపం స్తంభాలు, లోపల నిద్రపోతున్న మనుషులు కనిపిస్తారు. కళ్లు మాత్రం పక్కకు తిప్పి ఎవరొస్తారా అని చూస్తుంటాయి. ఇంకోచోట సేతువు కోసం వేసిన రాళ్లను సముద్రంలోని మత్స్యకన్యలు ఎత్తుకుపోతుంటారు. వాళ్ల నాయకురాలు సువన్నమచ్ఛ, రావణుడి కూతురు. వాళ్ల హనుమంతుడు బ్రహ్మచారి కాడు, ఆమెను ప్రేమిస్తాడు. సీత కూడా ఆ కథలో రావణుడి బిడ్డే. పుట్టగానే అరిష్టమని చెబితే నీళ్లలో వదిలేస్తారు. ఇది విని కొందరు నొచ్చుకుంటారు. నేను నొచ్చుకోలేదు. పాఠం చెప్పే మనిషిగా నాకు సంతోషమే కలిగింది. కథ సముద్రం దాటి వెళ్లి అక్కడి నేలలో వేరుపట్టి అక్కడి మనుషులదైంది.

వసారాలో ఒకచోట తెర కట్టుకుని ఒక కుర్రాడు పెచ్చులూడిన భాగానికి రంగు దిద్దుతున్నాడు. చిటికెన వేలంత కుంచె. రాక్షస సైనికుడి కవచంలో ఒక్కొక్క పొలుసుకూ ముందు ఎర్ర గీత, అది ఆరాక లోపల పచ్చ. మేము వెళ్లి తిరిగి వచ్చేటప్పటికి అరచేతి మేర కూడా నిండలేదు. తేమకు ఈ గోడలు పాడవుతూనే ఉంటాయి కాబట్టి తరతరాలుగా దిద్దుతూనే ఉన్నారు.

లోపల ఉన్న బుద్ధుడిని పచ్చ బుద్ధుడు అంటారు గానీ అది మరకతం కాదు, జేడ్ రాయి. ఎత్తు 66 సెంటీమీటర్లు మాత్రమే. ఎండకు, వానకు, చలికి మూడు వేరు వేరు బంగారు వస్త్రాలు, రుతువు మారినప్పుడు రాజే మార్చుతాడు. మీరు వెళ్లే జనవరిలో చలికాలపు వస్త్రంలో ఉంటాడు. ఆలయంలో కూర్చుంటే కాళ్లు విగ్రహం వైపు చాపకండి, వెనక్కి మడుచుకోండి. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలుండాలి. చీర, పంజాబీ డ్రెస్సు దివ్యంగా సరిపోతాయి. మీవారిని మాత్రం పొట్టి నిక్కరుతో తీసుకెళ్లకండి, గేటు దగ్గరే ఆపుతారు. టికెట్టు 500 బాత్‌లు. బాత్ మన రెండున్నర నుంచి మూడు రూపాయల మధ్య ఉంటుంది. ఉదయం ఎనిమిదిన్నరకు తెరుస్తారు, మధ్యాహ్నం మూడున్నరకే టికెట్లు ఆపుతారు. తెరిచే వేళకే గేటు దగ్గర ఉండండి.

ఆ గేటు చుట్టుపక్కల శుభ్రంగా దుస్తులు వేసుకున్న మనుషులు వచ్చి, "ఈ రోజు రాజభవనం మూసేశారు, పూజ ఉంది, మధ్యాహ్నం తెరుస్తారు, అంతవరకు ఇరవై బాత్‌లకే టుక్‌టుక్‌లో వేరే గుళ్లు చూపిస్తాం" అంటారు. నమ్మకండి. ఆ బండి గుడి దగ్గర ఐదు నిమిషాలు ఆగి రత్నాల దుకాణం దగ్గర గంట ఆగుతుంది. ఎంతో మర్యాదగా మాట్లాడతారు. మీరూ మర్యాదగా నవ్వి నేరుగా గేటు దాకా నడవండి. మూసేశారో లేదో అక్కడి కావలి వాళ్లే చెబుతారు.

ఊరు తిరగడానికి నది పడవ కంటే మంచిది నాకు కనిపించలేదు. వంతెనల మీద నడిచే నగర రైలు బీటీఎస్‌లో సఫాన్ తాక్సిన్ స్టేషనులో దిగితే కిందే సాతోన్ రేవు. నారింజ జెండా కట్టిన పడవ ఎక్కండి, ఎంత దూరమైనా ఒకటే ధర, 16 బాత్‌లు. పర్యాటకుల పడవకు టికెట్లు అమ్మేవాళ్లు బల్ల వేసుకుని ముందుగా పిలుస్తారు, దాని ధర ఎక్కువ. నారింజ జెండా పడవలో ఆఫీసులకు వెళ్లేవాళ్లు, బడి పిల్లలు, కాషాయం కట్టిన భిక్షువులు అందరూ ఉంటారు. భిక్షువులకు కేటాయించిన చోట మీరు నిలబడకండి, ఆడవాళ్లు వాళ్లకు తగలకూడదు. కండక్టరు చేతిలో పొడవాటి ఇనుప గొట్టం ఉంటుంది. దాని మూత తెరిచి మూస్తూ టకటకమనిపిస్తూ జనం మధ్యలోంచి వస్తుంది. చిల్లర దాంట్లోనే, టికెట్ల చుట్ట దాంట్లోనే, టికెట్టు చింపేదీ దాని అంచుతోనే. రేవు దగ్గర పడగానే వెనక నిలబడిన మనిషి ఈల వేస్తాడు. ఆ ఈలలను బట్టే నడిపేవాడు పడవను వెనక్కీ పక్కకూ జరుపుతాడు. తాడు చుట్టీ చుట్టకముందే జనం దిగుతారు. చెయ్యి పట్టుకుని ఇద్దరూ ఒకేసారి అడుగు వేయండి.

తా తియెన్ రేవులో దిగితే వాట్ ఫో. పడుకున్న బుద్ధుడి పొడవు 46 మీటర్లు, ఎత్తు 15. అందరూ ముఖం దగ్గర ఆగిపోతారు. పాదాల దాకా వెళ్లండి, అరికాళ్ల మీద ముత్యపు చిప్పతో 108 మంగళ చిహ్నాలు పొదిగారు. ప్రధాన మందిరం చుట్టూ 152 పాలరాతి పలకల మీద మళ్లీ రామాయణమే, ఈసారి శిల్పంగా. మసాజు అంటే మీకు సంకోచం ఉండవచ్చు. ఈ గుడిలోనే దానికి సంప్రదాయ పాఠశాల ఉంది. వాళ్లిచ్చే వదులు బట్టలతోనే, నలుగురూ ఉన్న హాలులో, చాపల మీద చేస్తారు. 2019లో యునెస్కో ఈ విద్యను వారసత్వ జాబితాలో చేర్చింది. మావారి నడుము పట్టేసి ఉంటే అక్కడి పెద్దామె బొటనవేళ్లతో వదిలించింది. తా తియెన్ నుంచే దాటుడు పడవలో అవతలి ఒడ్డుకు వెళితే వాట్ అరుణ్. దూరం నుంచి తెల్లని గోపురం. దగ్గరికి వెళ్లి చూస్తే ఒంటి నిండా చైనా పింగాణీ పలకల ముక్కలు, పువ్వులుగా, ఆకులుగా అతికించినవి. కొన్నింట్లో పాత పళ్లెం గీత, దాని మీది నీలి కొమ్మ ఇంకా తెలుస్తాయి.

భోజనం. పసుపు జెండా మీద ఎర్రటి అక్షరం ఉన్న దుకాణాలు కనిపిస్తాయి, వాటిని జే అంటారు. అక్కడ మాంసం, చేప, గుడ్డు, పాలు, ఉల్లి, వెల్లుల్లి ఏవీ వాడరు. అద్దాల వెనక పళ్లేల్లో కూరలుంటాయి. వేలు చూపిస్తే అన్నం మీద వేసి ఇస్తారు. మాట అక్కర్లేదు. మాంసంలా కనిపించే ముక్కలుంటాయి, అది సోయా, గోధుమ పిండితో చేసిందే, కంగారు పడకండి. జే దుకాణం కాని చోట శాకాహారమని చెప్పినా చేపల రసం పోస్తారు, వాళ్ల వంటలో అది మన ఉప్పు స్థానంలో ఉంది. బొప్పాయి ముక్కల సలాడులో ఎండు రొయ్యలుంటాయి. పాలు, పెరుగు జేలో ఉండవు కాబట్టి పెరుగు లేనిదే ముద్ద దిగకపోతే సెవెన్ ఇలెవెన్ దుకాణంలో తీపి లేని పెరుగు డబ్బా అడగండి. రైల్వే కోడూరు మామిడి తిన్నవాళ్లు అక్కడి మామిడిపండు, కొబ్బరిపాల జిగురు అన్నం కూడా తిని చూడాలి, నాకైతే ఎంతో నచ్చింది. ఫహురాత్ అనే భారతీయుల పేటలో గురుద్వారా ఉంది, దాని చుట్టూ పంజాబీ శాకాహార హోటళ్లున్నాయి. రోజుకొక పూట అక్కడికి వెళ్లినా చాలు, ప్యాకేజీ భోజనం అక్కర్లేదు. వేరుశనగ పొడి, కంది పొడి పెట్టుకోండి, వేడి అన్నం ఎక్కడైనా దొరుకుతుంది.

సీలోంలో మారియమ్మ గుడి ఉంది, పంతొమ్మిదో శతాబ్దంలో తమిళులు కట్టుకున్నది. ఇప్పుడు లోపల మనవాళ్ల కంటే బంతిపూలు, కొబ్బరికాయలు పట్టుకున్న థాయ్ జనమే ఎక్కువ. అమ్మవారికి వాళ్లు మోకరిల్లే తీరు చూడండి.

కడప ఎండకు తట్టుకున్నవాళ్లం కదా అని మధ్యాహ్నం తిరగకండి. మన ఎండ పొడి ఎండ. అక్కడ చెమట ఆరదు. ఉదయం, సాయంత్రం తిరిగి, మధ్యలో గదికి వచ్చి పడుకోండి.

మగ్గం మనిషి (ధర్మవరం)

పంతులమ్మ గారు రామాయణం చెప్పారు, నేను పట్టు చెబుతాను. మాది మూడు తరాలుగా మగ్గం ఇల్లు. అమ్మా, మీరు రాజభవనం టికెట్టు కొంటే అదే టికెట్టు మీద లోపలి సిరికిత్ రాణి వస్త్ర ప్రదర్శనశాల కూడా చూడవచ్చు, 2012లో తెరిచారు. చాలామంది ఎండకు అలసిపోయి దాన్ని వదిలేసి బయటికొస్తారు. చల్లగా ఉంటుంది, కూర్చోవచ్చు, కనీసం అందుకోసమైనా వెళ్లండి. అక్కడి మద్‌మీ పట్టు చూసినప్పుడు నాకు పోచంపల్లి గుర్తొచ్చింది. అది కూడా చిటికి పనే, నూలును ముడులు కట్టి రంగులో ముంచాకే నేస్తారు. వాళ్లు పేకకే, అంటే అడ్డపోగులకే ముడులు వేస్తారు, పడుగు, అంటే నిలువు పోగులు సాదాగా ఉంటాయి.

అక్కడి నాటు పట్టుపురుగు పసుపు గూడు కడుతుంది. చేత్తో తీసిన ఆ దారంలో అక్కడక్కడా లావు, సన్నం ఉంటాయి. అందుకే వాళ్ల పట్టు మన ధర్మవరం చీరలా నున్నగా జారదు, చేతికి గరుకుగా, బిగువుగా తగులుతుంది. దాన్ని లోపం అనుకుని నున్నగా ఉన్నది ఏరుకోకండి. నున్నగా, చవకగా ఉంటే అది పాలిస్టర్ అయ్యే అవకాశమే ఎక్కువ. మనకు సిల్క్ మార్క్ ఉన్నట్టే వాళ్లకు నెమలి గుర్తు ఉంది. బంగారు నెమలి అంటే నాటు పురుగు దారం, చేతి నేత. ఆకుపచ్చ నెమలి ఉంటే వేరే నూలు కలిసిందని అర్థం. అంచున వదులుగా వేలాడే పోగు ఒకటి ఇమ్మని అడిగి కాల్చి చూడండి. వెంట్రుక కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ల మధ్య నలిగిపోతే పట్టు.

తీరిక ఉంటే జిమ్ థాంప్సన్ ఇల్లు చూడండి. థాయ్ పట్టును బయటి దేశాలకు పరిచయం చేసిన అమెరికావాడు. పాత టేకు ఇళ్లు ఊళ్ల నుంచి విప్పి తెచ్చి, కాలువ ఒడ్డున కలిపి కట్టుకున్నాడు. 1967లో మలేషియా కొండల్లో షికారుకు వెళ్లి మాయమయ్యాడు, ఈనాటికీ ఆచూకీ లేదు. నేషనల్ స్టేడియం స్టేషను నుంచి నడిచి వెళ్లవచ్చు. అందరూ ఆ ఇల్లు చూసి తిరిగి వచ్చేస్తారు. నేను కాలువ అవతల ఉన్న బాన్ క్రువా పేటకు వెళ్లాను. ఆయన కోసం మొదట నేసింది అక్కడి చాం అనే జాతి ముస్లిం కుటుంబాలే. సందులు ఇద్దరు పక్కపక్కన నడవలేనంత ఇరుకు. ఇప్పుడు నేత చాలా తగ్గిపోయింది. ఒక ఇంట్లో మగ్గం ఆడుతున్న శబ్దం విని గుమ్మం దగ్గర ఆగాను. లోపల పెద్దాయన రమ్మని చెయ్యి ఊపాడు. ఆయనకు నా భాష రాదు, నాకు ఆయన భాష రాదు. పడుగులో ఒక పోగు తెగితే ఆయన ముడి వేసిన తీరు మా నాన్న వేసే తీరే. పేక పోగును అటూ ఇటూ తీసుకెళ్లే నాడె నా చేతికిచ్చి వేయమన్నాడు. నేను రెండు వరసలు వేశాను, ఆయన తల ఊపాడు. అక్కడే మా ఆవిడకు ఒక కండువా కొన్నాను, బేరం ఆడలేదు. నేసేవాడి ఇంట్లో మీరూ బేరం ఆడవద్దని నా మనవి. వారాంతపు సంతలో ఎంతైనా ఆడండి.

ఒంటిమిట్ట కోడలు (కడప)

పంతులమ్మ అక్కా, అన్నయ్యలూ, మీ అందరికీ నమస్కారాలు. మైరావణుడి ఘట్టం మావారికి చదివి వినిపించాను. చిన్నప్పుడు వాళ్ల నాయనమ్మ చెప్పిన కథ అట. ప్యాకేజీ మాట పక్కన పెట్టేశారు. నెమలి గుర్తు సంగతి మా ఆడపడుచుకు చెప్పాను. ఆమె ఊరు గురించి ఏమీ అనలేదు గానీ, తనకొక కండువా తెమ్మంది.

మావారికి మిగిలిన భయం ఒక్కటే. విమానం దిగాక ఎవరూ పలకా పట్టుకుని నిలబడరు కదా, అక్కడి నుంచి గది దాకా ఎలా? దిగే చోట అధికారులు ఏమడుగుతారు?

తెలుగు పంతులమ్మ (అనంతపురం)

మన వైపు నుంచి వెళ్లే విమానాలు రాత్రి బయలుదేరి తెల్లవారే వేళకు దిగేవి ఎక్కువ. అలాంటిదే తీసుకోండి, వెలుతురులో కొత్త ఊరు చేరడం మంచిది. గడియారం గంటన్నర ముందుకు తిప్పుకోండి.

వీసా నియమాలు ఈ మధ్య తరచూ మారాయి. 2023 నవంబరులో భారతీయులకు వీసా అక్కర్లేదని 30 రోజులు ఇచ్చారు, 2024 జులైలో దాన్ని 60 చేశారు. టికెట్టు కొనే రోజున థాయ్ రాయబార కార్యాలయం వెబ్‌సైట్‌లో ఒకసారి చూసుకుని కొనండి. 2025 మే 1 నుంచి కాగితపు కార్డు తీసేసి డిజిటల్ అరైవల్ కార్డు పెట్టారు. దిగడానికి ముందు మూడు రోజుల లోపు ఆన్‌లైన్‌లో నింపాలి. దానికి రుసుము లేదు. డబ్బు అడిగే సైటు ఏదైనా ప్రభుత్వానిది కాదు. తిరుగు టికెట్టు, హోటలు బుకింగు కాగితాలు అచ్చు వేయించుకుని సంచిలో పైనే ఉంచుకోండి. అడిగితే చూపించడమే, పెద్దగా మాట్లాడే పని ఉండదు. చేతిలో కొంత బాత్ నగదు కూడా ఉండాలి.

సువర్ణభూమి విమానాశ్రయం కింది అంతస్తులోనే రైలు ఉంది. అరగంట లోపే ఫయా థాయ్ చేరుస్తుంది, అక్కడ బీటీఎస్ రైలుకు మారవచ్చు. సామాను ఎక్కువగా ఉంటే 1 అని రాసి ఉండే నేల అంతస్తులో టాక్సీల వరుస ఉంటుంది. యంత్రం నుంచి చీటీ తీసుకుని అందులో ఉన్న నంబరు బండి ఎక్కండి. మీటరు 35 బాత్‌లతో మొదలవుతుంది, దాని మీద విమానాశ్రయపు అదనపు రుసుము, టోల్ మీరే ఇవ్వాలి. లోపల నిలబడి "టాక్సీ, టాక్సీ" అని పిలిచేవాళ్ల వెంట వెళ్లకండి. హోటలు పేరు, చిరునామా థాయ్ లిపిలో ఉన్న కాగితం హోటలువాళ్లనే పంపమనండి, డ్రైవరుకు అది చూపిస్తే చాలు.

తిరిగి వచ్చే రోజు కాస్త ముందుగా విమానాశ్రయానికి వెళ్లండి. తనిఖీ దాటాక లోపల క్షీరసాగర మథనం విగ్రహాలున్నాయి, దేవతలు ఒకవైపు, రాక్షసులు ఒకవైపు వాసుకిని లాగుతుంటారు. దుకాణాల మధ్య ఉంటుంది, కంగారులో దాటిపోతారు.

టికెట్లు ఖరారయ్యాక తేదీలు ఇక్కడ రాయండి. శని, ఆదివారాలు కలిస్తే ఆ వారాంతపు సంత, చతుచక్, ఎలా తిరగాలో అది విడిగా రాస్తాను.